ఎడింబరోలో సూదుల కఱవు

స్కాట్లండులో ఎడింబరో, గ్లాస్గో యను రెండు మహానగరములు కలవు. వాని నడుమ దూరము సుమారు 45 మైళ్లు. 1980వ సంవత్సరము దాఁటిన పిమ్మట రెండింటను బీదపేటలలో హెరాయిను విరివిగా దొరకెను. పనులు లేని యువతీయువకులు పలువురు దానిని కరఁగించి సూదితో రక్తనాళములలోనికి ఎక్కించుకొనసాగిరి. మత్తుమం దొక్కటియే, దురభ్యాస మొక్కటియే. కాని ఎయిడ్స్ రోగమును గలిగించు హెచ్.ఐ.వి. వచ్చినప్పుడు ఈ నగరముల గతులు వేఱయ్యెను. సంగతి కొంత రోఁతగా తోఁచినను శ్రోతలు ఓపికతో వినఁగోరుదును.

ఎడింబరోలో మ్యూర్‌హౌస్ పేటయందు రాయ్ రాబర్ట్‌సన్ అను వైద్యుఁడు వీరికి చికిత్స చేయుచుండెను. 1985లో హెచ్.ఐ.వి. పరీక్ష అందుబాటునకు వచ్చిన పిదప చూడఁగా, 164 మందిలో సగము మందికి క్రిమి సోఁకియున్నట్లు తేలెను. పూర్వము తీసి నిలువయుంచిన రక్తము మఱొక సంగతియు చెప్పెను. ఇదియంతయు 1983, 1984 సంవత్సరములలో, ఎవరును ఎఱుఁగకుండఁగనే జరిగిపోయినది! ఆ రోజులలో గ్లాస్గోలో పరీక్షింపఁబడినవారిలో నూటికి సుమారు ఐదుగురికే అది యుండెను.

మా తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములని యొక పరీక్ష కలదు. ఏది యున్నచోట కార్యముండునో, ఏది లేనిచోట ఉండదో అదియే కారణము. మత్తుమందు రెండుచోట్లను ఉన్నది గావున అది యొక్కటియే కారణము గానేరదు. మఱి ఎడింబరోలో అధికముగా నున్నదేది? సూదుల కఱవు.

అక్కడి పోలీసులు సూది దగ్గఱ నున్నవారిని పట్టుకొని దానిని లాగుకొనుచుండిరి. మందుల షాపులవారు వారికి సూదులమ్ముట మానిరి. సిరంజిలు ధారాళముగా నమ్మిన దుకాణ మొకటి మూఁతపడెను. సూది దొరకకున్న అలవాటు పోవునని అధికారుల తలంపు. నేనా స్థానమున నున్న అట్లే చేసియుందును. బడిలో గోళీలు లాగుకొని ఆట మాన్పితినని సంతోషించినవాఁడను గదా! జరిగినది వేఱు. ఒక గదిలో పదిమంది చేరి ఒకే సిరంజితో ఒకరి తరువాత ఒకరు పొడుచుకొనిరి. సూది నాళమున దిగినదో లేదో తెలియుటకు కొంచెము రక్తమును వెనుకకు లాగుదురు. గొట్టమున మందు మిగులకుండుటకు మరల లాగుదురు. అందు నిలిచిన రక్తము తరువాతివారి దేహములోనికి పోవును. పంచుకొనువారు పెరిగినకొలది అపాయమును పెరుగును. గ్లాస్గోకు క్రిమి ఆలస్యముగా చేరెననువారును కలరు. అదియు కొంత నిజము కావచ్చును.

1986లో మెక్లెలాండ్ అధ్యక్షతను కూడిన ప్రభుత్వసంఘము, మానలేనివారికి శుద్ధమైన సూదులీయవలెనని చెప్పెను. తప్పునకు తోడ్పడుటయా యని ఆక్షేపణలు రాకపోలేదు. 1987లో పాతసూది యిచ్చి క్రొత్తది పుచ్చుకొను కేంద్రములను ప్రయోగముగా తెఱచిరి. సూదికి బదులు నోటితో త్రాగు మెథడోన్ మందు నిచ్చుటయు ఎడింబరోలో హెచ్చెను. క్రొత్తగా సోఁకుట బాగుగా తగ్గెను.

గ్లాస్గో కథ అంతటితో ముగియలేదు. సూదులు ఉచితముగా దొరకుచుండఁగనే 2015లో ఆ ప్రాంతమున సూది వాడువారిలో 47 మందికి క్రొత్తగా హెచ్.ఐ.వి. కనిపించెను. పెక్కుమందికి ఇల్లు లేదు. నగరమధ్యమున సందులలో పొడుచుకొనుచుండిరి. హెరాయినునకు కొకెయిను తోడయ్యెను. దాని మత్తు త్వరగా దిగును గనుక దినమునకు పలుమాఱులు పొడుచుకొందురు, ఎన్ని సూదులున్నను చాలవు. 2025 జనవరిలో ఆ నగరమున థిసిల్ అను పేర ఒక గృహమును తెఱచిరి. అచ్చట వైద్యసిబ్బంది కనిపెట్టుకొని యుండఁగా, శుద్ధమైన సూదితోనే, ఎవరి సూది వారు వాడుకొందురు.