పొట్టి గొట్టం, దూరపు గురి

గొట్టం పొడుగైతే గురి దూరం పోతుందనేది తుపాకీ గురించి జనంలో ఉన్న పాత నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు. మందు కాలి పుట్టిన వాయువు తూటాను ఎంతసేపు తోస్తే దానికి అంత వేగం వస్తుంది. వేగం తగ్గితే తూటా త్వరగా కిందికి దిగుతుంది, గాలికి ఎక్కువ పక్కకు జరుగుతుంది. కార్బైన్ ఈ లెక్కకు తలవంచి పుట్టిన ఆయుధం. గుర్రం మీద ఉన్నవాడికి నిలువెత్తు తుపాకీ అడ్డమని గొట్టాన్ని కురచ చేశారు, అవసరమైతే మందూ తగ్గించారు, వాటం కోసం దూరాన్ని వదులుకున్నారు. అయినా ఇవాళ అమెరికా పదాతి సైనికుల్లో ఎక్కువమందికి ఇచ్చింది కార్బైనే. 14.5 అంగుళాల గొట్టం ఉన్న ఎం-4తో 500 మీటర్ల దూరంలో ఒక మనిషి ప్రమాణపు గురిని కొట్టవచ్చని ఆ సైన్యమే రాసుకుంది. వదులుకున్న దూరం తిరిగి ఎలా వచ్చింది? మంచి ఉక్కు, మంచి మందు, మంచి తూటా అన్నది సగం జవాబు. గత 170 ఏళ్ల చరిత్రను వరసగా చూస్తే మిగతా సగం శిక్షణ మైదానంలో దొరుకుతుంది. ఆయుధం ఒక అడుగు ముందుకు వేసిన ప్రతిసారీ దాన్ని పట్టుకున్న మనిషి వెనకబడ్డాడు. ఆ మనిషికి పని నేర్పిన సైన్యాలకే తుపాకీలో ఉన్న దూరం దక్కింది.

ఈ కథ మొదలయ్యేది రైఫిల్ సామాన్య సైనికుడి చేతికొచ్చిన రోజుల్లో. బ్రిటిష్ సైన్యం తరాలపాటు మోసిన బ్రౌన్ బెస్ మస్కెట్‌కు లోపల నున్నటి గొట్టం. గుండు గొట్టం కన్నా కాస్త చిన్నది కాబట్టి లోపలి గోడలకు తగులుతూ బయటికొచ్చేది. వంద గజాలు దాటాక ఒక మనిషిని ఎంచుకుని కొట్టడం అదృష్టం మీద ఆధారపడ్డ పని. అందుకే గురి నేర్పడం కన్నా త్వరగా మందు కూరి గుంపుగా పేల్చడం నేర్పడమే ముఖ్యమనుకున్నారు, అది ఆ ఆయుధానికి తగిన ఆలోచనే. 1849లో ఫ్రెంచ్ అధికారి క్లోడ్ ఎటియెన్ మినియే తయారుచేసిన తూటా ఈ లెక్క మార్చింది. అడుగున గుల్లగా ఉండే ఆ కోసు సీసపు తూటా గొట్టంలోకి సులువుగా జారేది. పేలినప్పుడు దాని అడుగు వ్యాకోచించి గొట్టంలోని మెలి గాళ్లను పట్టుకుని తిరుగుతూ బయటికి వచ్చేది. ఈ సూత్రం మీద బ్రిటిష్ వాళ్లు చేసుకున్న 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ సైట్ మీద 900 గజాల దాకా గీతలున్నాయి. అయితే ఆ తూటా బరువైనది, నెమ్మదైనది. గోడ అవతలికి విసిరిన రాయిలా పైకి లేచి దిగేది. 500 గజాలకు సైట్ పెట్టి 450 గజాల్లో నిలబడ్డవాడి నడుముకు గురిచూస్తే తూటా తల మీదుగా పోతుంది. అంటే చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా, దూరం అంచనాలో 50 గజాలు తప్పితే దెబ్బ తప్పినట్టే. కొత్త తుపాకీ సైనికుడిని మొదటిసారి కొలత తెలిసినవాడిగా ఉండమని అడిగింది.

ఆ అవసరాన్ని గుర్తించిన సంస్థ ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, హైత్ అనే ఊళ్లో 1853లో వెలిసిన మస్కెట్రీ పాఠశాల. దాని మొదటి అధిపతి కర్నల్ చార్లెస్ క్రాఫర్డ్ హే. అక్కడి పద్ధతిలో తూటా పేల్చడం చివరి అంకం. ముందుగా తుపాకీ భాగాల పేర్లు, తూటా గాల్లో వంపు తిరగడానికి కారణాలు చెప్పేవారు. తర్వాత తుపాకీని ఇసుక సంచి మీద ఆనించి గురిచూడమని చెప్పి, అధికారి వచ్చి ఆ గురిని సరిచూసేవాడు. ఆ తర్వాత ఖాళీ తుపాకీతో నిలబడి, మోకరిల్లి భుజానికెత్తే అభ్యాసం. గొట్టం ఎదుట కొవ్వొత్తి వెలిగించి, తూటా లేకుండా, మందుకు నిప్పంటించే క్యాప్ మాత్రమే పేల్చే సాధన కూడా ఆ కాలపు శిక్షణల్లో కనిపిస్తుంది. గొట్టం కదలకపోతే బయటికొచ్చే గాలి దెబ్బకు దీపం ఆరిపోతుంది, ట్రిగ్గర్ లాగేటప్పుడు చెయ్యి చలిస్తే దీపం అలాగే వెలుగుతుంది. దూరం అంచనాకు వేరే పాఠం. 50 గజాలకొక మనిషిని నిలబెట్టి, ఏ దూరంలో ముఖం పోలిక తెలుస్తుంది, ఏ దూరంలో చొక్కా గుండీలు కనబడవు, ఏ దూరంలో మనిషి ఉట్టి ఆకారంగా మిగులుతాడు అన్నది సైనికుడే చూసి గుర్తుపెట్టుకోవాలి. తర్వాత తెలియని దూరంలో మనుషులను నిలబెట్టి అంచనా చెప్పించేవారు, ఆ జవాబులకూ మార్కులుండేవి. దూరపు గురి పుట్టుకతో వచ్చే చూపు కాదని, విడదీసి నేర్పదగిన నాలుగైదు పనుల కూర్పు అని రాతపూర్వకంగా తేల్చిన తొలి బళ్లలో ఇదొకటి.

ఈ పాఠం మన దేశానికి వచ్చిన దారి మన చరిత్ర పుస్తకాల్లో మరో పేరుతో ఉంది. 1857లో ఎన్‌ఫీల్డ్ వాడకం నేర్పడానికి డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్‌లలో శిక్షణ కేంద్రాలు పెట్టి, వివిధ రెజిమెంట్ల నుంచి సిపాయిలను అక్కడికి పిలిపించారు. కొవ్వు పూసిన తూటాల గురించిన మాట ఆ ఏడాది జనవరిలో డమ్‌డమ్‌లో రాజుకుంది. అది తిరుగుబాటుగా మారింది. దాన్ని అణిచాక ఈస్ట్ ఇండియా కంపెనీ స్థానంలోకి వచ్చిన బ్రిటిష్ ప్రభుత్వం ఏం చేసిందన్నది ఈ వ్యాసానికి ఇంకా ముఖ్యం. భారతీయ సిపాయిల కోసం చూడటానికి ఎన్‌ఫీల్డ్ లాగే ఉండే తుపాకీని తయారుచేయించింది. దాని గొట్టంలో గాళ్లు లేవు, 0.656 అంగుళాల నున్నటి రంధ్రం మాత్రమే. దూరాన్ని బట్టి జరిపే వెనక సైట్ తీసేసి కదలని సైట్ పెట్టారు. దూరానికి గాళ్లెంత అవసరమో సైట్, దాన్ని వాడే చదువు కూడా అంతే అవసరమని పాలకులకు బాగా తెలుసు, అందుకే రెండూ కలిపి తీసేశారు. దూరపు గురి ఆయుధశాల వ్యవహారమే అయితే గాళ్లు చెరిపితే చాలు. సైట్ దాకా పోయారంటే అది నేర్చుకునే విద్య అని ఒప్పుకున్నట్టే.

శిక్షణ లేకుండా ఆయుధం ఒక్కటే వస్తే ఏమవుతుందో 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధం చూపించింది. ఇరువైపులా మినియే తూటా పేల్చే రైఫిళ్లు లక్షల సంఖ్యలో ఉన్నాయి. అయినా కాల్పులు చాలావరకు పాత మస్కెట్ దూరాల్లోనే జరిగాయని ఇటీవలి చరిత్రకారులు, ముఖ్యంగా ఎర్ల్ హెస్, గట్టిగా వాదించారు. ఇక్కడో అభ్యంతరం వస్తుంది: దట్టమైన అడవి, పొగ, దగ్గరికెళ్లి కాల్పించడానికే ఇష్టపడిన సేనానులు ఇందుకు కారణం కాదా? కారణమే, ఆ భాగాన్ని కాదనలేం. కానీ ఎదురుగా విశాలమైన పొలమున్న చోట కూడా దూరపు కాల్పులు ఎక్కువగా తలల మీదుగా పోయాయంటే చెట్ల మీద నేరం మోపలేం. చాలా రెజిమెంట్లలో సైనికులు గురి అభ్యాసమే లేకుండా యుద్ధంలోకి దిగారు, దూరం అంచనా వేయడం వారికి ఎవరూ చెప్పలేదు. మినహాయింపు కూడా ఉంది. దక్షిణాది సేనాని పాట్రిక్ క్లెబర్న్ అంతకుముందు బ్రిటిష్ 41వ పదాతి రెజిమెంటులో పనిచేసినవాడు. తన దళాలకు హైత్ పద్ధతిలో దూరం అంచనా నేర్పించాడు, ఎంపికచేసిన గురికాండ్రను విడిగా తయారుచేశాడు. తుపాకులు అవే, నేల అదే, పేరు మాత్రం అతని దళాలకు వచ్చింది.

కార్బైన్ ఈ పాఠాన్ని ఇంకా ఆలస్యంగా అందుకుంది. 1873 నాటి అమెరికన్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ తూటాలో 70 గ్రెయిన్ల మందు ఉంటే, 22 అంగుళాల గొట్టం ఉన్న దాని కార్బైన్ తూటాలో 55 గ్రెయిన్లే. ఆశ్విక దళం గురి అభ్యాసానికి ఇచ్చే తూటాలు అప్పట్లో మరీ తక్కువ. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో అమెరికన్ ఆశ్విక అధికారి కస్టర్ దళం నాశనమయ్యాక ఆ లోటు మీద చర్చ బలపడింది. అదే దశాబ్దంలో పౌరుల పోటీలు దారి చూపాయి. 1871లో జార్జ్ వింగేట్, విలియం చర్చ్ మొదలైనవారు పెట్టిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్ మైదానం తెరిచింది. 1874లో అక్కడ 800, 900, 1000 గజాల దూరాల్లో ఐర్లండ్ జట్టుతో జరిగిన పోటీలో అమెరికన్లు 934-931 స్కోరుతో గెలిచారు. ఐరిష్ ఆటగాడొకరు పక్క బోర్డు నడిమధ్యలో కొట్టి మార్కులు పోగొట్టుకోవడం ఆ మూడు మార్కుల తేడాకు కారణమని చెబుతారు. వెయ్యి గజాల్లో ఆ మాత్రం గురి సాధ్యమని జనం కళ్లారా చూశాక సైన్యం కదిలింది. 1879లో లెయిడ్లీ శిక్షణ గ్రంథం, 1885లో స్టాన్‌హోప్ బ్లంట్ గ్రంథం వచ్చాయి. రెండో పుస్తకం పేరులోనే రైఫిల్ పక్కన కార్బైన్ కూడా చేరింది. గుర్రపు సైనికుడి పొట్టి తుపాకీని కూడా దూరపు గురికి పనికొచ్చే సాధనంగా సైన్యం లెక్కలోకి తీసుకున్నదనడానికి అది గుర్తు.

తర్వాతి మలుపు దక్షిణాఫ్రికాలో వచ్చింది. 1899-1902 బోయర్ యుద్ధంలో మౌజర్ రైఫిళ్లున్న రైతులు దూరం నుంచి కాలుస్తుంటే బ్రిటిష్ దళాలు తల ఎత్తలేకపోయాయి. బ్రిటిష్ సేనాని లార్డ్ రాబర్ట్స్ లాంటివారు గురి శిక్షణే సైనికుడి మొదటి విద్య కావాలని పట్టుబట్టారు. ఆసక్తికరమైన సంగతేమంటే, ఆ యుద్ధం తర్వాత బ్రిటన్ గొట్టాన్ని పొడుగు చేయలేదు, కురచ చేసింది. పాత లీ-ఎన్‌ఫీల్డ్‌లో 30.2 అంగుళాలున్న గొట్టం కొత్త పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్‌లో 25.2 అంగుళాలైంది. పదాతికీ, గుర్రపు దళానికీ ఒకే తుపాకీ, కార్బైన్ విడిగా అక్కర్లేదు. పోటీల్లో కాల్చేవాళ్లు, తుపాకుల వ్యాపారులు దీన్ని తీవ్రంగా తప్పుబట్టారు. గొట్టం కోసి గురిని చంపారన్నారు. 1905 నుంచి హైత్‌లో ప్రధాన శిక్షకుడిగా ఉన్న నార్మన్ మెక్‌మాన్ జవాబు మైదానంలో ఇచ్చాడు. 300 గజాల్లో నిమిషానికి 15 తూటాలు గురిచూసి పేల్చడం వృత్తి సైనికుడికి మామూలు పరీక్షగా మారింది. 1914లో ఆ కోసిన తుపాకీ పట్టుకుని బెల్జియం వెళ్లిన సైన్యం గురికి పేరుమోసింది. విమర్శకులు భయపడిన ఐదు అంగుళాలు ఎవరికీ గుర్తుకు రాలేదు. అమెరికా 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ 24 అంగుళాల గొట్టంతో ఇదే దారి పట్టింది. జర్మనీ 1935లో 60 సెంటీమీటర్ల గొట్టంతో తెచ్చిన ప్రామాణిక రైఫిల్‌కు ఏకంగా కారబీనర్ అనే పేరు పెట్టింది.

ఈ వాదానికి హద్దు లేదనుకుంటే పొరపాటు. 1941లో వచ్చిన అమెరికన్ ఎం-1 కార్బైన్ అందుకు సాక్ష్యం. ఫిరంగుల దగ్గర, లారీల దగ్గర పనిచేసేవారికి పిస్తోలు బదులు ఇవ్వడానికి రూపొందిన ఈ తుపాకులు 60 లక్షలకు పైగా తయారయ్యాయి. రైఫిల్ తూటాతో పోలిస్తే దాని తూటా చిన్నది, మొద్దుది. 200 గజాలు దాటాక దాని శక్తి త్వరగా తరిగిపోతుంది. ఎంత మంచి శిక్షకుడైనా దాన్ని 500 గజాల ఆయుధంగా మార్చలేడు. శిక్షణ తూటా హద్దును చెరపదు, ఆ హద్దుదాకా మనిషిని తీసుకెళ్తుంది. దీనికన్నా బలమైన అభ్యంతరం 1952లో వచ్చింది. అమెరికన్ సైన్యం కోసం నార్మన్ హిచ్‌మన్ చేసిన పరిశీలన, యుద్ధంలో రైఫిల్ వాడకం చాలావరకు 300 గజాల లోపేనని, దెబ్బ తగిలేది ఇంకా దగ్గరేనని తేల్చింది. అలాంటప్పుడు దూరపు గురి కోసం తూటాలు, రోజులు ఖర్చుచేయడం ఎందుకు? ఆ ప్రశ్నకు జవాబుగా అదే దశాబ్దంలో ట్రెయిన్‌ఫైర్ అనే కొత్త పద్ధతి వచ్చింది. గుండ్రటి బోర్డులు పోయి, కొన్ని వందల మీటర్ల లోపు ఎక్కడో హఠాత్తుగా లేచి పడే మనిషి ఆకారాలు వచ్చాయి. చూడటం, వెంటనే కాల్చడం అలవడింది, అది నిజమైన లాభం. కానీ దెబ్బ ఎక్కడ తగిలిందో, ఎంత పక్కకు పోయిందో సైనికుడికి తెలియదు. పడిందా, పడలేదా అన్నది మాత్రమే తెలుస్తుంది. తప్పును కొలవలేనివాడు దాన్ని దిద్దుకోలేడు.

ఈ లోటు బయటపడింది అఫ్గానిస్తాన్ కొండల్లో. గొట్టం పాత రైఫిల్‌లోని 20 అంగుళాల నుంచి 14.5కి తగ్గిన ఎం-4 చేతిలో ఉంది, లోయ అవతలి గట్టు నుంచి శత్రువు కాలుస్తున్నాడు. 2009లో మేజర్ థామస్ ఎర్హార్ట్ రాసిన అధ్యయనం, అక్కడి ఎదురుకాల్పుల్లో సగం దాకా 300 మీటర్ల అవతల జరుగుతున్నాయని, సైన్యం శిక్షణ మాత్రం 300 దగ్గరే ఆగిపోయిందని ఎత్తిచూపింది. తూటా మార్చాలని కూడా ఆయన అన్నాడు, తుపాకీ తప్పు లేదని ఎవరూ అనలేదు. కానీ అదే కాలంలో, అదే తూటాతో, మెరీన్ దళం కొత్తగా చేరినవారికి 500 గజాల దాకా కొలత తెలిసిన మైదానంలో కాల్పించేది, ఆ పరీక్షను ఎన్నడూ వదల్లేదు. ఒకే దేశం, ఒకే తూటా, దాదాపు ఒకే తుపాకీ. తేడా పాఠ్యప్రణాళికలో ఉంది. 500 గజాల్లో ఏం నేర్చుకోవాలో చూస్తే ఈ తేడా విలువ తెలుస్తుంది. 300 మీటర్లకు సరిచేసిన సైట్‌తో 500 మీటర్ల గురి చూస్తే ఎం-4 తూటా 3 అడుగులకు పైగా కిందికి దిగుతుంది. గంటకు పది మైళ్ల అడ్డగాలి వీస్తే 300 గజాల్లో సుమారు అడుగు, 500లో దాదాపు మూడడుగులు పక్కకు పోతుంది. దూరం రెట్టింపు కాకముందే గాలి తప్పు మూడింతలవుతోంది. గడ్డి వంగిన తీరు, దుమ్ము లేచిన దిక్కు, ఎండలో గాలి అలల కదలిక చూసి ఎంత పక్కకు పట్టాలో తేల్చడం చెప్పించుకుని, కాల్చి, తప్పి, గుర్తులు చూసుకుని నేర్చుకోవాల్సిన పని. మూడు వందల్లో బోర్డు మీదే దాక్కునే ట్రిగ్గర్ కుదుపు అయిదు వందల్లో బయటపడుతుంది. దూరం వెళ్లి నేర్చుకున్నవాడు దగ్గర కూడా మెరుగవుతాడు. హిచ్‌మన్ లెక్క సరైనదే అయినా ఆయన ప్రశ్నకు ఇదే జవాబు.

చివరి అభ్యంతరం యంత్రాలది. పొట్టి గొట్టం మీద ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం తగ్గుతుంది కాబట్టి కంటి పొరపాటు పెద్దదవుతుందన్నది పాత ఇబ్బంది. దాన్ని దుర్భిణీ సైట్లు దాదాపు తీర్చేశాయి. 2022లో అమెరికన్ సైన్యం ఎంచుకున్న ఎక్స్‌ఎం-157 సైట్‌లో లేజర్ దూరమాపకం, తూటా ఎంత కిందికి దిగుతుందో లెక్కించే కంప్యూటర్ రెండూ ఉన్నాయి. హైత్‌లో వారాల తరబడి నేర్పిన దూరం అంచనాను ఇప్పుడు ఒక మీట చేస్తుంది. ఇది ఒప్పుకోవాల్సిందే. హైత్ పాఠాల్లో ఒకటి నిజంగానే యంత్రానికి వెళ్లిపోయింది. మిగిలినవి వెళ్లలేదు. గొట్టం నుంచి గురి దాకా మారుతూ పోయే గాలిని ఆ సైట్ కొలవదు, ఊపిరి ఎప్పుడు ఆపాలో, ట్రిగ్గర్ ఎలా నొక్కాలో అది చెప్పదు. ప్రతి కొత్త సాధనం రాగానే శిక్షణ తగ్గించవచ్చన్న ఆశ పుడుతుంది. 1861లో రైఫిల్‌తో ఆ ఆశ పుట్టింది, అందుకు లెక్కలేని తూటాలు తలల మీదుగా పోయాయి. కార్బైన్ కొనే సైన్యాలు గొట్టం, తూటా, సైట్ గురించి ఎంత శ్రద్ధగా టెండర్లు పిలుస్తాయో, శిక్షణ మైదానం పొడుగు గురించి, ఏడాదికి ఒక్కో సైనికుడికి ఇచ్చే తూటాల సంఖ్య గురించి కూడా అంతే శ్రద్ధగా లెక్క వేసుకోవాలి. చరిత్రలో కార్బైన్ దూరాన్ని పెంచిన ఖర్చుల్లో అత్యంత చవకైనది అదే, ఎక్కువసార్లు కోత పడిందీ దానికే.