తంగేడు చెక్క నుండి పంటి సిమెంటు దాకా

సూర్యాపేటలోగాని, కోదాడలోగాని, మిర్యాలగూడలోగాని మన పెద్దలు తెల్లవారి లేవగానే వెతికేది పండ్లపుల్ల. కొందరికి వేప, కొందరికి తుమ్మ, వజూ చేసుకునేవారికి మిస్వాక్. చెట్టుకూ పంటికీ గల ఈ చుట్టరికం మనకు కొత్త కాదు. కాని పుచ్చిన పంటికి పెట్టించిన సిమెంటు ఊడిపోకుండా నిలపడానికి కూడా చెట్టు సారమే అక్కరకు వస్తుందేమోనని శాస్త్రజ్ఞులు పరిశోధిస్తున్నారంటే వినదగిన విషయమే గదా!

ముందు సిమెంటు కథ చెప్పుకుందాం. మన దేశంలో మొట్టమొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో నెలకొల్పిన మహనీయుడు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ గారు. 1964లో ప్రభుత్వం వారిని పద్మభూషణ్‌తో గౌరవించింది. ఆ రోజుల్లో పుచ్చును వెడల్పుగా తొలిచి, వెండి, పాదరసం కలిపిన ముద్దను కుక్కేవారు. అది పంటికి అంటుకునేది కాదు, గుంట ఆకారాన్ని పట్టుకొని నిలిచేది. 1955లో అమెరికాలో బ్యూనోకోర్ అనే వైద్యుడు పంటి పైపొరను ఆమ్లంతో గరుకు చేస్తే మందు గట్టిగా అంటుకుంటుందని చూపాడు. లోపలి పొరలో కొల్లాజెన్ అనే సన్నని నారపోగులుంటాయి. మందు ఆ పోగుల నడుమకు దిగి, వాటితో కలిసి ఒకే పొరగా గట్టిపడుతుందని 1982లో జపానులో నకబయాషి నిరూపించాడు.

చిక్కంతా ఆ పోగులతోనే వచ్చింది. మందు పూర్తిగా చేరని చోట తడికీ, పంటిలోనే ఉండే ఎంజైములకూ అవి ఏళ్ళ తరబడి మెల్లగా చివికిపోతాయి. పట్టు సడలి, సిమెంటు కింద మళ్ళీ పుచ్చు మొదలవుతుంది.

ఇక తంగేడు సంగతి. మన పల్లెల్లో మాదిగ సోదరులు పచ్చితోలును తంగేడు చెక్క, కరక్కాయ నానిన లందలో ఊరవేసేవారు. కుళ్ళిపోవలసిన తోలు చెప్పుగా, మోటబొక్కెనగా ఏళ్ళ తరబడి పనిచేసేది. చెట్టులోని వగరు, అనగా టానిన్, తోలులోని కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేయడమే దాని కిటుకు. తోలులో ఉన్నదీ పంటిలో ఉన్నదీ ఆ జాతి పోగులే! 2000 తర్వాత చికాగో మొదలైన చోట్ల పరిశోధకులు ద్రాక్ష గింజల సారంలోని వగరుతో పంటి పోగులను ఇట్లే గట్టిపరచి చూశారు. ప్రయోగశాలలో పట్టు ఎక్కువ కాలం నిలిచింది. అయితే ఆ సారం పంటికి రంగు పట్టిస్తుంది, మందు గట్టిపడడానికీ కొంత అడ్డువస్తుంది. కనుక ఇది ఇంకా పరిశోధన దశలోని మాటే తప్ప ఇంట్లో చేసుకునే వైద్యం కాదు.

మనకు ఇందులో ప్రత్యేకించి అక్కర ఉన్నది. 1970లలో నాగపూరు నీరి సంస్థవారు పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తీసే విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు పెట్టారంటే మన ఉమ్మడి జిల్లా బాధ ఎంతటిదో తెలుస్తుంది. ఫ్లోరైడ్ బాగా పట్టిన పంటికి ఈ అంటుమందులు సరిగా పట్టవు. ‘పెట్టించినా ఊడిపోయేదే’ అని మనవాళ్ళు పుచ్చులో వేపాకు ముద్దో, లవంగమో కుక్కి నెలలు గడుపుతారు. నొప్పి తగ్గవచ్చు, పుచ్చు ఆగదు. పిల్లల పంటిమీద నల్లచుక్క కనబడ్డనాడే దంతవైద్యునికి చూపించండి. నార్కెట్‌పల్లిలోనే దంతవైద్య కళాశాల ఉన్నది. పుల్లతో తోముకోవడం మన పెద్దల ఆస్తి, దాన్ని నిలుపుకుందాం. పుచ్చును మాత్రం వైద్యునికే అప్పగిద్దాం.