సున్నం పడిన కన్ను, గీతా వేముగంటి గారి ల్యాబు

ఈ వారం బహ్రెయిన్ నుంచి హైదరాబాదు దాకా వెళ్ళొద్దాం.

ఇక్కడ సైట్ల మీద పనిచేసే మనవాళ్ళకి సున్నం, సిమెంటు కంట్లో పడటమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట సన్నటి వలయం ఉంటుంది. పేరు లింబస్. కార్నియా పైపొర అరిగేకొద్దీ కొత్త కణాలిచ్చే మూలకణాలు, అదే స్టెమ్ సెల్స్, ఉండేది అక్కడే. ఆ వలయం కాలిపోతే నల్లగుడ్డు మీదికి రక్తనాళాలు పాకుతాయి. ఎవరో దానం చేసిన కార్నియా కుట్టినా నిలవదు.

1997లో ఇటలీలో పెల్లెగ్రిని, డి లూకా బృందం ఇద్దరు రోగులకి వాళ్ళ బాగున్న కంటి కణాలనే పెంచి అతికించింది. పెంచడానికి అడుగున ఎలుక కణాలు పరిచారు.

హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ గీతా వేముగంటి అప్పట్లో పాథాలజిస్టు. కోసి తీసిన ముక్కని మైక్రోస్కోపు కింద చూసి జబ్బు పేరు చెప్పడం ఆ వృత్తి. ఆవిడ మాత్రం బతికున్న కణాన్ని పెంచి మళ్ళీ కంటికి పంపే పనికి పూనుకున్నారు. నాకు ఆవిడ జీవితంలో అన్నిటికంటే నచ్చిన మలుపు ఇదే. ఎలుక కణాలు మానేశారు. కాన్పులో పారేసే ఉమ్మనీటి సంచి పొర, రోగి సొంత సీరం వాడారు. రెండు వారాల్లోపు పొర నిండా కణాలు! 2001 నుంచి డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ వాటిని కళ్ళకి అమర్చారు. 2011లో 200 మంది లెక్క ప్రచురించారు, 71 శాతం మందికి నిలిచింది. మిగతావాళ్ళ సంగతీ దాచకుండా రాశారు, అది ముఖ్యం.

మా పక్క గదిలో ఉండే జగిత్యాల తమ్ముడికి ఒక కన్ను ఇలాగే పోయింది. "అన్నా, మంచి కంటిని కూడా కోస్తరా?" అని భయపడ్డాడు. తీసేది సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్కేనండీ. 2012లో సంగ్వాన్ బృందం ల్యాబే అక్కర్లేని పద్ధతి ప్రచురించింది. ఆ ముక్కనే చిన్నచిన్నగా చేసి జిగురుతో కంటిమీద పేరుస్తారు, కణాలు అక్కడే పెరుగుతాయి. ల్యాబు కట్టుకున్నవాళ్ళే ల్యాబు వద్దనడం చూశారా! గీత గారు తరవాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వైద్య విజ్ఞాన విభాగానికి డీన్ అయ్యారు.

బహ్రెయిన్ కూడా తక్కువ తినలేదు. సికిల్ సెల్ జబ్బుకి రోగి సొంత రక్త మూలకణాలనే సరిదిద్దే క్యాస్‌జెవీ చికిత్సకి బ్రిటన్ తరవాత అనుమతిచ్చిన రెండో దేశం ఇదే, 2023 డిసెంబరులో.

రెండు కళ్ళూ కాలితే మాత్రం సొంత కణాలు దొరకవు, బంధువులవి అడగాలి, మందులతో శరీరాన్ని ఒప్పించాలి. అందుకే సున్నం పడిన క్షణమే కంటిని కుళాయి కింద పెట్టండి. ఫోర్‌మన్‌కి ఫోను తరవాత.