ఎంథూజియాస్టిక్: ఒక తిట్టు పొగడ్తగా మారిన కథ

అమెరికాలో రెసిడెన్సీకి దరఖాస్తు చేసుకునే యువవైద్యులకు నేను సిఫారసు లేఖలు రాస్తుంటాను. వాటిలో ‘ఎంథూజియాస్టిక్’ అన్న విశేషణం కనబడకపోతే, ఏదో లోపాన్ని దాస్తున్నామని చదివేవారు అనుమానిస్తారు. తెలుగు మాధ్యమంలో చదివిన నాకు బడిలో దానికి చెప్పిన అర్థం ‘ఉత్సాహవంతుడు’. ఆ రెండు మాటలూ ఒకటేనా?

గ్రీకులో ‘ఎన్‌థియోస్’ అంటే లోపల దేవుడున్నవాడు. మన పూనకానికి దగ్గరి మాట. పదిహేడవ శతాబ్దపు ఇంగ్లండులో ఈ కుటుంబానికి చెందిన పదాలన్నీ దాదాపు తిట్లే. అంతర్యుద్ధంలో ఓడిన రాజుకు 1649లో శిరచ్ఛేదం జరిగింది. దేవుడు తమతో నేరుగా మాట్లాడుతున్నాడనే కొత్త శాఖలు వెలిశాయి. వారిని ఖండిస్తూ 1655లో మెరిక్ కాసాబన్, మరుసటి ఏడు హెన్రీ మోర్ గ్రంథాలే రాశారు. ఇద్దరూ వైద్యులు కారు, కానీ చేసింది మాత్రం రోగనిర్ధారణ. మోర్ లెక్కలో ఇది విషాదప్రకృతి వల్ల పుట్టే వికారం: దేహంలోని దోషం వేడెక్కి, ఆవిరై తలకెక్కితే మనిషి దాన్నే దైవావేశమనుకుంటాడు. మన పెద్దలైతే వాతం ముదిరిందనేవారేమో! ప్రత్యర్థి మాటకు జబ్బు పేరు పెడితే ఇక అతనికి జవాబు చెప్పే పని ఉండదు. ఆ సౌకర్యాన్ని మా వృత్తి కూడా తరచుగా వాడుకుంది.

జాన్ లాక్ 1700లో తన ప్రసిద్ధ గ్రంథపు నాలుగవ ముద్రణలో దీనిపై ఒక అధ్యాయమే చేర్చాడు. నమ్మకం ఎంత గాఢమైనా అది రుజువు కాదన్నది ఆయన వాదం. 1755 నాటి జాన్సన్ నిఘంటువులో ‘ఎంథూజియాజం’కు మొదటి అర్థం దైవానుగ్రహం తనకే దక్కిందన్న వృథా విశ్వాసం. ఊహాశక్తి ఔన్నత్యం మూడవ అర్థంగా వెనక నిలిచింది. తరువాతి కాలంలో ఆ వెనకదే ముందుకు వచ్చింది, దేవుడు తప్పుకున్నాడు, ఆవేశం మిగిలింది.

‘ఉత్సాహం’ దారి వేరు. అందులోని ‘సహ్’ ధాతువుకు ఓర్చుకోవడం, ఎదుర్కొని నిలవడం అన్న అర్థాలున్నాయి. భరతుడు దాన్ని వీరరసానికి స్థాయిభావం చేశాడు. కౌటిల్యుడు రాజుకు కావలసిన మూడు శక్తులలో ఒకటిగా లెక్కించాడు. ఇందులో పూనకం లేదు, ముఖంలో వెలుగు కనబడాలన్న నియమమూ లేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక మితభాషి అయిన రెసిడెంటుకు మూల్యాంకన పత్రంలో ‘ఎంథూజియాజం తక్కువ’ అని రాశారు. శ్వాస అందని రోగి పక్కన ఆమె తెల్లవార్లూ నిలబడటం నేను చూశాను. ఆమె కోసం రాసిన లేఖలో ఆ విశేషణాన్ని వాడలేదు. ఆ రాత్రి ఏ గంటకు ఏమి చేసిందో వరసగా రాశాను.