పొదిలి ఎముకల జబ్బు: ఎక్స్‌రే నుంచి సీటీ స్కాన్ దాకా

నీటిలోని ఫ్లోరైడ్ మనిషి ఎముకలను పాడుచేస్తుందని భారతదేశంలో మొదట గుర్తించిన ప్రాంతాల్లో పశ్చిమ ప్రకాశం ఒకటి. అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఇవన్నీ కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిశాయి. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది.

జబ్బు ముందు ఎడ్లలో బయటపడింది. కీళ్లు బిగుసుకుపోయి దుక్కి దున్నలేకపోతున్న ఎడ్లను రైతులు గమనించారు. మనుషుల్లో అదే జబ్బు ఉందని 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ తమ అధ్యయనంలో వెల్లడించారు. షార్ట్ గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్, బర్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1934లో ప్రారంభమైన రేడియాలజీ సంస్థకు ఆయన పేరే పెట్టారు.

ఫ్లోరైడ్ వల్ల వచ్చే గారపళ్లు చూడగానే తెలుస్తాయి గానీ ఎముకల్లో మార్పు తెలియాలంటే ఎక్స్‌రే తీయాలి. ఫిల్ములో వెన్నుపూసలు, కటి ఎముకలు సున్నం ముద్దలా తెల్లగా, లోపలి అల్లిక కనిపించనంత చిక్కగా పడతాయి. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి, ముళ్లలాంటి అంచులతో కనిపిస్తుంది. వెన్నుపూసలను కలిపే స్నాయువులు కూడా ఎముకలా మారడంతో మనిషి నడుం వంచలేడు.

జబ్బు ముదిరితే వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి. ఎక్స్‌రేలో నీడలన్నీ ఒకదానిమీద ఒకటి పడటం వల్ల వెన్నుపాము ఉండే నాళం ఎక్కడ ఎంత ఇరుకైందో కచ్చితంగా తెలిసేది కాదు. 1971లో ఇంగ్లండ్‌లో ఇంజినీరు హౌన్స్‌ఫీల్డ్ సీటీ స్కాన్‌తో మొదటి రోగిని పరీక్షించాక ఆ చిక్కు తీరే దారి దొరికింది. సీటీ శరీరాన్ని పొరలు పొరలుగా చూపుతుంది. ఆ పొరలను కంప్యూటర్‌లో పేర్చితే త్రీడీ చిత్రం వస్తుంది. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బులో వెన్నుపాముకు కలిగే హానిపై హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఏళ్ల తరబడి పరిశోధించారు.

ఆపరేషన్‌తో వెన్నుపాముపై ఒత్తిడి తగ్గించవచ్చు, కానీ బిగిసిన ఎముక మళ్లీ మామూలు కాదు. వానలు తక్కువైన ఈ నేలలో రాళ్లలోని ఫ్లోరైడ్ బావుల్లోకి, బోర్లలోకి దిగుతుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు తాగడానికి పనికిరాదు. ఈ ప్రాంతానికి కృష్ణా జలాలు తేవడం కోసం 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. ఫ్లోరైడ్ లేని నీరు ప్రతి ఊరికీ చేరడమే ఈ జబ్బుకు శాశ్వత పరిష్కారం.