తెగిన ఈతరెక్క

పలనాటి ఇండ్లలో బల్లి తోక విడిచి పారిపోవుట, కొన్నాళ్లకు మరల తోక మొలచుట మనమెల్లరము చూచినదే. చేపల ఈతరెక్కలు సైతము ఇట్లే మొలచునని 1786లో ఫ్రాన్సు దేశీయుడు బ్రూసొనే ప్రకటించెను. ఐతే బల్లి కొత్త తోక నాసిరకము. అందు వెన్నెముకకు బదులు మృదులాస్థి గొట్టముండును. చేప రెక్కయో, ఎముక పుల్లలతో సహా వచ్చును.

గాయమును మొదట చర్మము కప్పును. దాని క్రింద కణములు తమ వృత్తులు విడిచి, గుంపుగూడి, మొగ్గవలె పెరుగును. సూక్ష్మదర్శినిలో అన్నియు ఒక్కతీరుననే కనబడుటచే, ఏ కణమైనను ఏ భాగమైనను కాగలదని శాస్త్రజ్ఞులనేకులు చిరకాలము తలచిరి. మాకు మాచెర్లలో బ్రహ్మనాయుడు పెట్టించెనని చెప్పుకొను చాపకూడు జ్ఞప్తికి వచ్చును: అన్ని కులములు ఒకే చాపపై!

కాని 2009లో ఆక్సొలోటల్ అను మెక్సికో ఉభయచరమునందును, 2011లో జీబ్రాచేపయందును కణములకు వెలుగు గుర్తు పెట్టి వెంబడింపగా, విందు ముగిసి ఎవరి యింటికి వారు పోయినట్లు తేలెను. కండ కణము కండనే కట్టెను, ఎముక కణము ఎముకనే. ఆక్సొలోటల్ లోచర్మ కణములు మాత్రము మృదులాస్థిని గూడ కట్టినవి. కొంత సడలింపు కలదన్నమాట.

వృత్తి సరే, చోటు సంగతి? 1992లో ఉత్కళ విశ్వవిద్యాలయమున ప్రియంవద మహంతి హెజ్మాడీ (ఈమె ఒడిస్సీ నర్తకి కూడ) బృందమువారు ఒక జాతి తోకకప్పల తోకలు కోసి విటమిన్ ఎ ఇచ్చిరి. తోక ఉండవలసిన చోట కాళ్లు మొలచెను! ఆ జాతి కప్ప దక్షిణదేశమున నేలలో దాగియుండి, వానలకు వెలుపలికి వచ్చునదే.