జెబాలయం – తిరుపత్తూరు క్రీస్తుకుల ఆశ్రమ కథ



మన హోసూరు, కృష్ణగిరి వీధుల్లో ఒకే పనికి రెండు మాటలు వినిపిస్తాయి. తమిళ క్రైస్తవులు "జెబం" అంటారు. తెలుగు క్రైస్తవులు "ప్రార్థన" అంటారు. జెబం అంటే మరేమీ కాదు, మన జపమే. ప్రార్థన అంటే వేడుకోవడం. జపం అంటే ఒక నామాన్నో వాక్యాన్నో మనసులో తిప్పుకుంటూ నిలకడగా ఉండడం. దేవుణ్ణి అడగడం ఒకటి, ఆయన ఎదుట మౌనంగా కూర్చోవడం మరొకటి. క్రైస్తవ చరిత్రలో ఈ రెండూ మొదటినుంచీ ఉన్నాయి. ఈ పూట రెండవదాని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

3వ శతాబ్ది చివర ఈజిప్టు ఎడారిలో ఆంటొనీ వంటి తాపసులు ఏకాంతాన్ని వెతుక్కుంటూ వెళ్ళారు. 6వ శతాబ్దిలో ఇటలీలో బెనెడిక్టు తన మఠానికి ఒక నియమావళి రాశాడు. అందులో ప్రార్థనకు వేళలున్నాయి, చేతిపనికీ వేళలున్నాయి. గ్రంథాన్ని మెల్లగా చదవడం, ఒక మాట దగ్గర ఆగడం, దాన్ని నెమరువేయడం అక్కడి సాధన. 16వ శతాబ్దిలో స్పెయిన్ దేశస్థుడు ఇగ్నేషియస్ లొయోలా ముప్పై రోజుల ధ్యానక్రమాన్ని ఏర్పరచాడు. నేడు ఎవరిని నొప్పించాను, దేనికి కృతజ్ఞుణ్ణి అని రోజూ తన్ను తాను పరీక్షించుకోవడం అందులో ముఖ్యమైన భాగం.

ఆయన స్థాపించిన జెసూట్ సంఘంవారే మన పక్కకూ వచ్చారు. 1606లో మదురై చేరిన రాబర్టో డి నొబిలి తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చి సన్న్యాసి వేషంలో బోధించాడు. 18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి జెసూట్ పాదిరీలు అదే పద్ధతిలో కాషాయం కట్టి, శాకాహారులై, పుంగనూరు ప్రాంతంలో తెలుగువారి మధ్య నివసించారు.

అయితే మనకు మరీ దగ్గరి కథ తిరుపత్తూరుది. కృష్ణగిరి నుంచి బర్గూరు మీదుగా బస్సెక్కితే చేరే ఊరు. 1911 దాకా అదీ మనతోపాటు పాత సేలం జిల్లాలోని తాలూకాయే. అక్కడ 1921లో ఇద్దరు వైద్యులు క్రీస్తుకుల ఆశ్రమం స్థాపించారు. ఒకరు తమిళుడు డాక్టర్ సవరిరాయన్ జేసుదాసన్. మరొకరు స్కాట్లండు వాసి, కలిగిన ఇంటి బిడ్డ, డాక్టర్ ఎర్నెస్ట్ ఫారెస్టర్ పేటన్. ఇద్దరూ బ్రహ్మచారులు. ఇద్దరూ ఖద్దరు కట్టారు, శాకాహారం తిన్నారు.

ఆ కాలాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. మిషన్ బంగళాలో దొర, వాకిట్లో ఉపదేశి. దొర చెప్పినది చర్చి, దొర కట్టినది గుడి. దేశీయ క్రైస్తవులకు ఇది ముల్లులా గుచ్చుకునేది. 1905లో శ్రీరాంపూరులో భారతీయులే నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించారు. అందులో ముఖ్యులైన వి. ఎస్. అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. తెలుగు నేర్చి దోర్నకల్‌లో పనిచేసి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు.

తిరుపత్తూరులో ఈ సమస్యకు జవాబు ఒక వరసలో దొరికింది. జేసుదాసన్ "పెరియణ్ణన్", పేటన్ "చిన్నణ్ణన్". మన మాటల్లో పెద్దన్న, చిన్నన్న. తెల్లవాడు తమ్ముడయ్యాడు! పాలకజాతికి చెందినవాడు పాలితుణ్ణి అన్నగా అంగీకరించడానికి ఎంత ప్రార్థన కావాలో ఆలోచించండి. అహంకారం కరగని ధ్యానం ధ్యానమెలా అవుతుంది?

1928లో మొదలుపెట్టి 1933లో పూర్తిచేసిన వారి గుడికి జెబాలయం అని పేరు. ద్రావిడ శిల్పరీతిలో, గోపురంతో కట్టారు. చెప్పులు బయట విడిచి, నేలమీద కూర్చుని ప్రార్థన. ఆ గుడి వెలుపల ఆస్పత్రి ఉండేది. గుడిలో మౌనం, ఆస్పత్రిలో రోగి మూలుగు. మొదటిదానిలో కూడగట్టుకున్న ఓపిక రెండవచోట ఖర్చు కావాలి. ఆశ్రమ జీవితమంతా ఈ రెండింటి మధ్య నడిచిన నడకే.

ఆ ఓపికకు వీధిలో కూడా పరీక్ష ఎదురైంది. 1932లో స్వదేశీ ఉద్యమం సాగుతున్న రోజుల్లో, ఖద్దరు కట్టిన పేటన్ మద్రాసులో పోలీసుల దెబ్బలు తిన్నాడు. ఆ సంగతి బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్ళింది. ఆయన మాత్రం ఖద్దరు విడవలేదు, తిరుపత్తూరు విడవలేదు. పెద్దన్న 1969లో, చిన్నన్న 1970లో కన్నుమూశారు.

ఉపాధ్యాయుడిగా నాకు ఈ కథలో నచ్చినది ఒకటుంది. తరగతిలో పిల్లలను ఒక్క నిమిషం కళ్ళు మూసుకోమంటే సగంమంది ఓరకంట చూస్తారు. పెద్దలం మనమూ అంతే. మౌనం అలవాటు లేక భయపడతాం. ఆ భయం పోవాలంటే పెద్ద సాధనలు అక్కరలేదు. రాత్రి దీపం ఆర్పేముందు పది నిమిషాలు చాలు. ఒక మంచి వాక్యం మెల్లగా చదువుకోండి. మీ మతం ఏదైనా సరే, మీ ఇంటి భాష ఏదైనా సరే. ఆ రోజు ఎవరి మనసు నొప్పించారో గుర్తు చేసుకోండి. తెల్లవారి లేచి వారి గుమ్మం తొక్కండి. అక్కడిదాకా వెళ్ళినప్పుడే ఆ ప్రార్థన పూర్తయినట్టు.

సెలవు.